మాయా శాసనాల్లో ఒక మాటకు అర్థం ఎలా తేలుతుంది?

మీ ప్రశ్నలో మూడు విషయాలు ఉన్నాయి. మధ్య అమెరికాలోని మాయా ప్రజల ప్రాచీన లిపి బొమ్మల పక్కన 'జాగ్వార్' (చిరుతను పోలిన పెద్ద అడవి జంతువు), 'ఆకాశం', 'రాజు' అని అర్థాలు ఇచ్చే జాబితాలు ఇంటర్నెట్‌లో చాలా కనిపిస్తున్నాయి, వాటిని నమ్మవచ్చా? రాసేవారే లేకుండా పోయిన లిపిలో మాటల అర్థాలను ఎవరు, ఏ ఆధారంతో తేల్చారు? కొత్తగా నేర్చుకునేవారు ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ శాసనాలను చాలా ఏళ్లుగా చదువుతున్నాను. మొదటి రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకటే కనుక కలిపి, కాస్త విపులంగా రాస్తాను.

ఆ జాబితాల్లోని అర్థాలు చాలావరకు సరైనవే. ఇబ్బంది వాటిని పేర్చిన తీరులో ఉంది. ఎడమవైపు బొమ్మ, కుడివైపు అర్థం ఉంటాయి, మధ్యలో ఉండాల్సిన మాట ఉండదు. మాయా లేఖకుడు రాసింది భావాన్ని కాదు, తన భాషలోని మాటను. ఆ మాట ఎలా పలికేదో పట్టించుకోకుండా బొమ్మ నుంచి నేరుగా అర్థానికి దూకడం వల్లే ఈ రంగంలో ఎన్నో దశాబ్దాలు వృథాగా పోయాయి. కాబట్టి ఏ జాబితా చూసినా ముందు అడగవలసింది ఒక్కటే: ఈ గుర్తును ఏమని చదవాలో చెప్పారా? చెప్పకపోతే పక్కన పెట్టండి.

ఇక లిపి సంగతి. ఇందులో రెండు రకాల గుర్తులు ఉన్నాయి. ఒక రకం పూర్తి మాటను పలికిస్తుంది. రెండో రకం ఒక అక్షరాన్ని, అంటే హల్లును అచ్చుతో కలిపి పలికిస్తుంది: క, కి, కు, మ, ల, ఇలా. మన గుణింతానికి అలవాటుపడినవారికి ఈ రెండో రకం వెంటనే బోధపడుతుంది. తేడా ఏమిటంటే, మనకు క, కి, కు చూడగానే ఒకే కుటుంబమని తెలిసిపోతుంది. వారికి ఆ మూడూ ఒకదానితో ఒకటి పోలిక లేని మూడు వేర్వేరు బొమ్మలు. పైగా ఒకే అక్షరానికి పలు రూపాలు ఉంటాయి. 'ఉ' ఒక్కదానికే పది దాకా వేర్వేరు గుర్తులు కనిపిస్తాయి. ఒకే గుర్తును పక్కపక్కనే పదేపదే గీయడం మంచి లేఖకుడికి నచ్చేది కాదు.

జాగ్వార్‌ను వారు బహ్లమ్ అన్నారు. ఆ మాటను రాయాలంటే జాగ్వార్ తల ఒక్కటే గీస్తే చాలు. తల కింద 'మ' చేర్చవచ్చు, తల ముందు 'బ' చేర్చవచ్చు. తల బొమ్మే లేకుండా బ-ల-మ అని మూడు అక్షరాల్లోనూ రాయవచ్చు. అన్నీ ఒకే మాట. ఇలా ఒక మాటను బొమ్మతో ఒకచోట, అక్షరాలతో మరొకచోట రాయడమే మనకు దొరికిన పెద్ద ఆధారం. పలెంకే అనే మాయా నగరపు రాజు పకల్ పేరు కూడా అంతే. ఆయన 603లో పుట్టి, 615లో సింహాసనం ఎక్కి, 683లో మరణించాడు. ఆయన పేరు ఒకచోట డాలు బొమ్మగా, మరొకచోట ప-క-ల అనే మూడు అక్షరాలుగా ఉంటుంది. పకల్ అంటే డాలే.

ఇక్కడ తెలుగువారికి ఒక హెచ్చరిక. మాయా మాటలు ఎక్కువగా హల్లుతో ముగుస్తాయి, కానీ ఆ లిపిలో పొల్లు గుర్తు లేదు. చివరి హల్లు కోసం ఒక పూర్తి అక్షరం రాసి, దాని అచ్చును పలకకుండా వదిలేస్తారు. అచ్చుతో ముగిసే మాటలకు అలవాటుపడిన మన నోటికి ప-క-ల చూడగానే 'పకల' అనాలనిపిస్తుంది. అలా చదవకండి. ఆ వదిలేసిన అచ్చుకు కూడా ఒక పని ఉందని 1998లో హ్యూస్టన్, స్టూవర్ట్, రాబర్ట్‌సన్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. చివరి అచ్చు ముందున్న అచ్చుతో కలిస్తే మాటలోని అచ్చు హ్రస్వం. కలవకపోతే, ఉదాహరణకు బ-కి అని రాస్తే, దీర్ఘం లాంటి తేడా ఉందని గుర్తు, అంటే అది బాక్. ఈ నియమం వివరాలపై వాదన ఇంకా నడుస్తోంది. అందుకే ఒకే మాట దీర్ఘం ఒక పుస్తకంలో ఉంటుంది, మరో పుస్తకంలో ఉండదు.

ఉచ్చారణ గురించి ఇంకో రెండు మాటలు. నేను అక్షరం పక్కన ' అనే గుర్తు పెట్టినచోట, గొంతు బిగించి ఒక్కసారిగా వదిలే హల్లు ఉందని అర్థం. అది మన ఖ, ఛ, థ కాదు, వాటికి దూరం. ఆ తేడా వదిలేస్తే మాటే మారిపోతుంది: కబ్ అంటే నేల, క'బ్ అంటే చెయ్యి. నేను 'త్స' అని రాసినది మన చాప, చుక్క అనే మాటల మొదట్లో వినిపించే దంత్య చకారానికి బాగా దగ్గర. ఇంగ్లిష్ పుస్తకాలు వెతికేటప్పుడు పాత స్పానిష్ పద్ధతి రాతలు, 1980ల చివరి నుంచి గ్వాటెమాలాలో స్థిరపడిన కొత్త రాతలు రెండూ ఎదురవుతాయి. హెచ్ అక్షరంతో రాసిన అహావ్, జె అక్షరంతో రాసిన అహావ్ ఒకటే మాట, 'ప్రభువు' అని అర్థం.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఇదంతా ఎలా తెలిసింది?

మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో డియేగో డె లాండా అనే స్పానిష్ మతాధికారి ఉండేవాడు. 1562లో మనీ అనే ఊళ్లో మాయా పుస్తకాలను కుప్పపోసి తగలబెట్టించినవాడు ఆయనే. ఇవాళ మనకు మిగిలిన మాయా పుస్తకాలు నాలుగే నాలుగు: డ్రెస్డెన్, మాడ్రిడ్, పారిస్ గ్రంథాలు, మెక్సికోలో ఉన్న మరొకటి. ఆ మంటల్లో ఎన్ని వేల మాటలు పోయాయో తలచుకుంటే ఈనాటికీ బాధ కలుగుతుంది. అదే లాండా, సుమారు 1566లో రాసిన గ్రంథంలో మాయా 'అక్షరమాల' అంటూ ఒక పట్టిక ఇచ్చాడు. మాయా లేఖకుణ్ణి కూర్చోబెట్టి ఎ, బి, సి అని స్పానిష్ అక్షరాల పేర్లు చదివి, వీటిని మీ లిపిలో రాయమన్నాడు. ఆ లేఖకుడు విన్నదాన్ని విన్నట్టు రాశాడు. 'బే' అని వింటే బె, 'కు' అని వింటే కు. చివరికి ఏదైనా వాక్యం రాయమంటే మ-ఇ-న్-క-తి అని రాశాడు. మా ఇన్ కాతి, అంటే 'నాకు ఇష్టం లేదు'. లాండా దాన్ని అర్థం చేసుకోకుండానే తన పుస్తకంలో చేర్చాడు. ఆ పట్టిక అక్షరమాల కాదు, గుణింతంలో కొంత భాగం.

ఆ గ్రంథం ప్రతి 1862లో మాడ్రిడ్‌లో బయటపడింది. పట్టికను ఎ, బి, సి లాగా వాడి చదవబోయినవారంతా విఫలమయ్యారు. దాంతో పండితులు దాన్ని పనికిరానిదిగా తేల్చేశారు. 1952లో లెనిన్‌గ్రాడ్‌లో యూరీ క్నోరోజోవ్ అనే సోవియట్ పరిశోధకుడు దాన్ని మళ్లీ తీశాడు. ఆయన చేసిన పనిని దగ్గర నుంచి చూడాలి. అర్థం ఎలా తేలుతుందన్న మీ ప్రశ్నకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

మాయా గ్రంథాల్లో ఒకచోట అడవి టర్కీ కోడి బొమ్మ ఉంది. దాని పైనున్న రాతలో రెండు గుర్తులు. మొదటిది లాండా పట్టికలో 'కు'. రెండోది పట్టికలో లేదు. యుకటాన్‌లో మాట్లాడే యుకటెక్ అనే మాయా భాషలో ఆ కోడిని కుత్స్ అంటారు. అయితే రెండో గుర్తు 'త్సు' అయి ఉండాలి, చివరి ఉకారం పలకరు. ఇది ఊహే కదా అనవచ్చు. కానీ మరోచోట కుక్క బొమ్మ పైన కూడా రెండు గుర్తులు ఉన్నాయి. మొదటిది ఇప్పుడే 'త్సు' అనుకున్న గుర్తు, రెండోది లాండా 'ల' కింద ఇచ్చిన గుర్తుల్లో ఒకటి. కలిపితే త్సు-లు, త్సుల్. యుకటెక్ పాత నిఘంటువులో త్సుల్ అంటే పెంపుడు కుక్క. ఒక ఊహ, దానితో సంబంధం లేని మరోచోట, బొమ్మతోనూ నిఘంటువుతోనూ ఒకేసారి సరిపోయింది. ఇదీ రుజువు అంటే.

ఈ 'కు' గుర్తు కథ ఇక్కడితో ఆగదు. అదే గుర్తు మరోచోట 'తూన్' అనే పూర్తి మాట, అంటే 'రాయి'. ఇంకోచోట పంచాంగంలో కవక్ అనే రోజు పేరు. మూడూ ఒకే బొమ్మ. దాని కింద 'ని' అక్షరం కనిపిస్తే తూన్ అని చదవాలి. ఆ 'ని' చివరి నకారాన్ని గుర్తు చేయడానికి పెట్టింది. అర్థాల జాబితాలో ఈ బొమ్మ పక్కన 'రాయి' అని మాత్రమే రాసి ఉంటే, టర్కీ కోడి దగ్గర మీరు రాయి కోసం వెతుకుతారు.

క్నోరోజోవ్‌ను ఆ రోజుల్లో అందరికన్నా పెద్ద పండితుడైన ఎరిక్ థాంప్సన్ తీవ్రంగా వ్యతిరేకించాడు. 1975లో చనిపోయేదాకా ఒప్పుకోలేదు. అంత అధికారం ఉన్న మనిషి అంత గట్టిగా కాదన్నాక, చాలామంది ఆ వైపు చూడడానికే జంకారు. దాని నష్టం లిపి చదవడానికి పట్టిన కాలంలో కనిపిస్తుంది. అయినా ఒక మాట చెప్పాలి. గుర్తులకు థాంప్సన్ 1962లో ఇచ్చిన సంఖ్యలనే అందరం ఇప్పటికీ వాడుతున్నాం.

ఇదే కాలంలో మరో దారి తెరుచుకుంది. తాతియానా ప్రోస్కురియాకోఫ్ అనే పరిశోధకురాలు 1960లో పియెద్రాస్ నెగ్రాస్ అనే మాయా నగరంలోని శిలాస్తంభాల తేదీలను వరుసగా పేర్చింది. ఒక్కో గుంపులోని తేదీలు ఒక మనిషి ఆయుష్షులో ఇమిడిపోతున్నాయి. మొదటి తేదీ దగ్గర ఎప్పుడూ పైకి చూస్తున్న కప్ప తల లాంటి గుర్తు, కొన్నేళ్ల తర్వాత గుడ్డతో కట్టినట్టున్న మరో గుర్తు. మొదటిది పుట్టుక, రెండోది పట్టాభిషేకం అని ఆమె తేల్చింది. అప్పటికి ఆ గుర్తులను ఎలా పలకాలో ఎవరికీ తెలియదు. అంతకుముందు పంచాంగాలు, దేవుళ్లు తప్ప మరేమీ లేవనుకున్న శాసనాలు ఆమె చేతిలో చరిత్రగా మారాయి. కప్ప తల గుర్తు పలుకు తర్వాత తెలిసింది: సిహ్, 'పుట్టు'.

అంటే పలుకు తెలియడం ఒకటి, అర్థం తెలియడం మరొకటి. ఈ రెంటినీ విడదీసి చూడడం నేర్చుకుంటే ఏ జాబితానైనా మీరే తూచగలరు. సహల్ అనే బిరుదును చూడండి. స-హ-ల అని స్పష్టంగా రాసి ఉంటుంది, పలుకులో అనుమానం లేదు. రాజు కింద ఊళ్లను ఏలే పెద్దలకు అది బిరుదని సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. కానీ ఆ మాట ఏ ధాతువు నుంచి వచ్చిందో, అక్షరార్థం ఏమిటో ఇంకా వాదనలోనే ఉంది. దీనికి సరిగ్గా ఎదురు వైపున నక్షత్ర యుద్ధం అని పిలిచే గుర్తు ఉంది. నేల మీదో, ఊరి పేరు మీదో నక్షత్రం నుంచి నీరు కారుతున్నట్టు బొమ్మ. 562లో తికాల్ నగరం ఓటమిని చెప్పే కరకోల్ నగర శాసనంలో అది ఉంది. ఘోరమైన ఓటమికే దాన్ని వాడతారని అందరికీ తెలుసు. కానీ ఆ క్రియను ఏమని చదవాలో ఇంతవరకు తేలలేదు. పలుకు ఉండి అక్షరార్థం లేనిది ఒకటి, అర్థం ఉండి పలుకు లేనిది ఒకటి. జాబితాలో రెండూ ఒకే వరుసలో, ఒకే ధీమాతో కనిపిస్తాయి.

మూడో సందర్భం కూడా ఉంది: పలుకు ఖాయం, అర్థం కదులుతూ ఉంటుంది. కుండల మీద అస్థిపంజరాలు, పాములు చుట్టుకున్న జంతువులు, మంటలు కక్కే జాగ్వార్లు కనిపిస్తాయి. వీటిని చాలాకాలం పాతాళ దేవతలు అనుకున్నారు. 1989లో హ్యూస్టన్, స్టూవర్ట్ వాటి పక్కనున్న గుర్తును వాయ్ అని చదివారు. ముందు 'వ', వెనుక 'య' అక్షరాలు అందుకు ఆధారం. మాయా భాషల్లో ఆ ధాతువుకు నిద్ర, కల, జంతురూపం దాల్చడం అనే అర్థాలు ఉన్నాయి. దాంతో ఆ బొమ్మలు మనుషులకు తోడుండే జంతు ఆత్మలయ్యాయి. ఆ తర్వాత స్టూవర్టే, ఇవి రాజవంశాలు శత్రువుల మీదికి పంపే చేతబడి శక్తులు, రోగాలు కావచ్చని వాదించాడు. నాకు ఈ రెండో వాదమే బలంగా అనిపిస్తుంది, ఎందుకంటే కొన్నింటి పేర్లలో రోగాల పేర్లు ఉన్నాయి.

పైన పదేపదే 'నిఘంటువు' అన్నాను. ఆ నిఘంటువులు ఎక్కడివి? ఇక్కడ ఒక అపోహ తొలగాలి. మాయా భాష చచ్చిపోలేదు. మెక్సికో, గ్వాటెమాలా, బెలీజ్, హోండురాస్‌లలో సుమారు 30 మాయా భాషలు దాదాపు 60 లక్షల మంది నోళ్లలో ఉన్నాయి. లిపి వాడకం ఆగింది, మాట ఆగలేదు. శాసనాల భాష చోల్ శాఖకు చెందినదని, అందులోనూ గ్వాటెమాలా తూర్పు ప్రాంతంలో ఇవాళ మాట్లాడే చోర్తికి బాగా దగ్గరదని హ్యూస్టన్, రాబర్ట్‌సన్, స్టూవర్ట్ 2000లో చూపించారు. దాని దగ్గరి బంధువు చోల్తి. అది అంతరించింది. 1695 నాటి ఒక చేతిరాత వ్యాకరణం, పదపట్టిక మాత్రం ఫిలడెల్ఫియాలో మిగిలాయి. పెద్దగా కనిపించని ఆ చేతిరాత ప్రతి ఎన్ని శాసనాల క్రియారూపాలను తేల్చిందో చెప్పలేను.

ఏ శాఖ భాష అన్నది అంత ముఖ్యమా అంటే, ముఖ్యమే. చోల్ శాఖలో ఆకాశం చన్, పాము చన్, నాలుగు కూడా చన్. మూడూ ఒకేలా పలుకుతాయి కనుక లేఖకులు ఒక బిరుదులో ఒకచోట ఆకాశం గుర్తు, మరోచోట పాము తల, ఇంకోచోట నాలుగు చుక్కలు పెట్టారు. 1984లో హ్యూస్టన్ దీన్ని చూపించాడు. బందీని పట్టినవాడి బిరుదు అది. అక్కడ పాముకు, ఆకాశానికి, నాలుగుకు ఏ సంబంధమూ లేదు, కేవలం పలుకు కోసం వాడారు. బొమ్మను బట్టి అర్థం చెప్పేవారు అక్కడ 'ఆకాశ సర్పం' కథలు అల్లుతారు. అదే పాము తల కలక్ముల్ నగర రాజుల ముద్రలో కనిపించినప్పుడు మాత్రం ముందు 'క' అక్షరం ఉంటుంది. ఇక్కడ చన్ అనవద్దు, కాన్ అనండి అని లేఖకుడే చెబుతున్నాడు. యుకటెక్‌లో పామును కాన్ అనే అంటారు. ఒక్క చిన్న అక్షరం ఒక రాజవంశం పేరును నిలబెట్టింది.

ఇప్పుడు ఒక కప్పును తీసుకుందాం. మాయా పాత్రల అంచు చుట్టూ ఒకే తీరు వాక్యం మళ్లీ మళ్లీ వస్తుంది. 1973లో మైకేల్ కో అనే పండితుడు దీన్ని గమనించి, పాతాళ ప్రయాణానికి సంబంధించిన మంత్రమేమో అనుకున్నాడు. 1980లలో చదవగలిగాక చూస్తే అది పాత్ర చరిత్ర: ఎవరిది, ఏ రకం పాత్ర, అందులో ఏం తాగుతారు. అందులో తప్పకుండా వచ్చే మాట యుకి'బ్. దాన్ని విప్పండి. ఉక్' అంటే తాగు. -ఇబ్ అనే ప్రత్యయం పనిముట్టును తెలుపుతుంది, కనుక ఉకి'బ్ అంటే తాగడానికి వాడేది. ముందున్న 'య' అంటే 'అతని'. అచ్చుతో మొదలయ్యే మాట ముందు 'య', హల్లుతో మొదలయ్యే మాట ముందు 'ఉ' వస్తుంది. మొత్తం 'అతని తాగే పాత్ర'. ఈ ఒక్క మాటతో ఒక ధాతువు, ఒక ప్రత్యయం, ఒక వ్యాకరణ సూత్రం మీ చేతికి వస్తాయి.

అదే వాక్యంలో కొంచెం ముందుకు వెళితే ఒక చేప కనిపిస్తుంది. చేప గుర్తు, లేదా దాని రెక్క మాత్రమే, 'క' అని పలుకుతుంది. కింద 'వ'. చేప ముందు చాలాసార్లు రెండు చిన్న చుక్కలు ఉంటాయి. అవి రెండు అనే సంఖ్య కాదు, ఈ అక్షరాన్ని రెండుసార్లు పలకమని సూచన. క-క-వ, అంటే కకవ్, కోకో. ఈ పఠనానికి అరుదైన రుజువు దొరికింది. ఉత్తర గ్వాటెమాలాలోని రియో అసుల్‌లో 1984లో తవ్విన ఒక సమాధిలో, తిప్పితే బిగుసుకునే మూతతో 5వ శతాబ్ది నాటి పాత్ర బయటపడింది. దాని మీద కకవ్ అని స్టూవర్ట్ చదివాడు. లోపలి మడ్డిని చాక్లెట్లు తయారుచేసే హెర్షీ సంస్థ ప్రయోగశాలలో పరీక్షిస్తే కోకోలో ఉండే థియోబ్రోమిన్ దొరికింది. ఒక పఠనాన్ని రసాయనశాస్త్రం బలపరచిన సందర్భాలు లిపుల చరిత్రలో చాలా తక్కువ.

శాసనాల్లో మాటలు జాతీయాలుగా కూడా వస్తాయి, ఇక్కడ అక్షరార్థం ఒక్కటే సరిపోదు. ఓచ్ బిహ్ అంటే 'దారిలో ప్రవేశించాడు', మరణించాడని భావం. పకల్ శవపేటిక మూత అంచున పూర్వీకుల మరణాలన్నీ ఈ మాటతోనే ఉన్నాయి. చుమ్ అంటే కూర్చోవడం. 'ప్రభుత్వంలో కూర్చున్నాడు' అంటే గద్దెనెక్కాడని. తోక్' పకల్ అంటే 'చెకుముకి, డాలు', రెండూ కలిపి సైన్యం. 695లో తికాల్ రాజు హసావ్ చన్ కవీల్ విజయం గురించి రాసిన వాక్యం, కలక్ముల్ రాజు చెకుముకి, డాలు నేలకూలాయని చెబుతుంది. బాక్ అంటే ఎముక, బందీ కూడా. యష్చిలాన్ అనే నగరంలో 8వ సంఖ్య గల గుమ్మం పైరాయి మీద 755 నాటి పోరాటం ఉంది. చుహ్కహ్, 'పట్టుబడ్డాడు', తర్వాత బందీ పేరు, తర్వాత ఉ బాక్, 'అతని బందీ'. బందీల పేర్లు వారి తొడల మీదే చెక్కి ఉన్నాయి. అదే ఉ బాక్ చెక్కిన ఎముక మీద కనిపిస్తే 'ఈయన ఎముక' అనే అర్థం. ఏ వస్తువు మీద రాసి ఉందో చూడకుండా అర్థం చెప్పకూడదు.

త్సి'బ్ అనే మాట నాకు చాలా ఇష్టం. రాయడం, బొమ్మ వేయడం రెంటికీ అదే మాట. మన కావ్యభాషలో 'చిత్తరువు వ్రాసె' అన్నప్పుడు వ్రాయు క్రియకు ఉన్న విస్తృతి ఇదే కనుక తెలుగు పాఠకుడికి ఇందులో వివరించవలసినది ఏమీ లేదు.

ఈ పదసంపదకు ఒక పెద్ద లోటు ఉంది. మనకు మిగిలినవి రాజుల రాళ్లు, దొరల కప్పులు. పుట్టుక, పట్టం, యుద్ధం, దేవుడు, కోకో వంటి మాటలు వందలసార్లు వస్తాయి. అమ్మడం, వంట చేయడం, పిల్లలను పిలవడం వంటివి దాదాపు రావు. అందుకే కలక్ముల్‌లో 2004లో బయటపడిన గోడచిత్రాలను ఎంత మెచ్చుకున్నా చాలదు. అక్కడ మామూలు మనుషులు పనుల్లో ఉన్నారు, ఒక్కొక్కరి పక్కన పేరు రాసి ఉంది. అహ్ ఉల్, 'జావ మనిషి', మొక్కజొన్న జావ పోస్తున్నాడు. అహ్ అత్స్'ఆమ్, 'ఉప్పు మనిషి'. అహ్ మాయ్, 'పొగాకు మనిషి'. అహ్ ఇషిమ్, 'మొక్కజొన్న గింజల మనిషి'. ఇన్ని శతాబ్దాల రాజుల గొప్పల మధ్య నుంచి ఒక సంతలో మనుషులు కనిపించారు. అత్స్'ఆమ్, ఇషిమ్ అనే మాటలు స్వల్ప మార్పులతో ఇవాళ్టి మాయా ఇళ్లలోనూ వినిపిస్తాయి.

జాబితాల్లో మరో చిక్కు: ప్రాచీన మాయా మాటలుగా చెలామణి అయ్యేవన్నీ ప్రాచీనం కావు. బక్‌తూన్ అనేది మాయా కాలగణనలోని ఒక పెద్ద కాలఖండానికి ఆధునిక పండితులు కూర్చిన పేరు, శాసనాల్లో దాన్ని పిహ్ అని చదువుతాం. 260 రోజుల పంచాంగానికి త్సోల్కి'న్ అనే పేరు కూడా 20వ శతాబ్దిలో పుట్టిందే. పోప్, వో, సిప్ అనే నెలల పేర్లు లాండా కాలపు యుకటెక్ రూపాలు. శాసనాల్లో అవే నెలలకు క'న్‌హలావ్, ఇకా'త్, చకాత్ అనే పేర్లు ఉన్నాయి. పేర్లు వాడుకకు సులువు కనుక అందరం వాడతాం, కానీ వాటి మీద భాషాశాస్త్ర వాదనలు కట్టకూడదు.

2012లో మన టీవీ ఛానెళ్లలో కూడా యుగాంతం గురించి గంటల తరబడి చర్చలు నడిచాయి. వాటికి మూలం తోర్తుగేరో అనే ఊరి 6వ శిల, 7వ శతాబ్దిది. అందులోని క్రియ త్సుత్స్‌హోమ్. త్సుత్స్ అంటే ముగియడం, -ఓమ్ భవిష్యత్తును తెలిపే ప్రత్యయం. కర్త పదమూడో పిహ్. 'పదమూడో పిహ్ ముగుస్తుంది' అన్నది ఒక కాలగణన ముగింపు వాక్యం. ప్రపంచం అనే మాట అందులో లేదు. పలెంకేలో ఇంకో శాసనం క్రీ.శ. 4772 నాటి తేదీని కూడా లెక్కించి పెట్టింది. ఒక ప్రత్యయం, ఒక కర్త సరిగా చదివి ఉంటే ఆ భయం ఎవరికీ కలిగేది కాదు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి. పంచాంగంతో మొదలుపెట్టమని చాలామంది చెబుతారు. నేను కప్పులతో మొదలుపెట్టమంటాను. తేదీలు లెక్కించడం అంకగణితం, భాష దాని తర్వాత వస్తుంది. కప్పు మీది వాక్యం చిన్నది, మళ్లీ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ కొంచెం వేరుగా రాసి ఉంటుంది. జస్టిన్ కెర్ పాత్రల చుట్టూ తిప్పి తీసిన ఫొటోలు, ఒక్కోదానికి కె అక్షరంతో సంఖ్య ఇచ్చి, అందరికీ అందుబాటులో ఉన్నాయి. శిలాశాసనాలకు హార్వర్డ్ పీబాడీ మ్యూజియంలో ఇయాన్ గ్రాహం మొదలుపెట్టిన చిత్రాల సంపుటాలు నమ్మకమైనవి. నికొలాయ్ గ్రూబె నేతృత్వంలో బాన్ విశ్వవిద్యాలయంలో 2014 నుంచి ప్రాచీన మాయా నిఘంటువు పని జరుగుతోంది. అక్కడ ఒక్కో గుర్తుకు ఏ పఠనం ఎవరు ప్రతిపాదించారో కూడా చూపిస్తారు.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఒక్కో మాటకు ఒక పేజీ. పైన పలుకు రాయండి. కింద ఆ మాట రాసిన రూపాలన్నీ, బొమ్మతో ఉన్నవి, అక్షరాలతో ఉన్నవి, మీ చేత్తో గీయండి. చేత్తో గీసినప్పుడే ఏ గీత ముఖ్యమో కంటికి తెలుస్తుంది. ఆ తర్వాత ఏ మాయా భాషలో ఈ మాట ఇంకా ఉందో, అక్కడ దాని అర్థం ఏమిటో. ఆ తర్వాత ఏ శాసనంలో, ఏ సందర్భంలో వచ్చిందో. అర్థం చివర్లో, పెన్సిల్‌తో. నాలుగింటిలో ఏది ఖాళీగా ఉందో చూస్తే ఆ అర్థం మీద ఎంత బరువు వేయవచ్చో తెలిసిపోతుంది.

మొదటి పేజీలకు ఈ మాటలు చాలు: యుకి'బ్, కకవ్, లక్ (పళ్లెం), ఉల్, త్సి'బ్, అహావ్, బహ్లమ్, చన్, తూన్, హా' (నీళ్లు). ఇవి వచ్చాక ఏదైనా ఒక కప్పు ఫొటో తీసుకుని, అంచు మీది గళ్లను ఎడమ నుంచి కుడికి, ఒక్కో గడిలో పై నుంచి కిందికి చదవండి. చేప ముందు రెండు చుక్కలు ఉన్నాయో లేవో, ఉకి'బ్ ముందు 'య' ఏ రూపంలో రాశారో గుర్తుపెట్టుకోండి. ఏ గడి దగ్గర ఆగిపోయారో దాన్ని గీసి పెడితే, నాకు తెలిసినంత చెబుతాను.